చిన్న పిల్లలతో చిన్న బతుకమ్మ: పూలకు వెళ్లడం నుంచి పేర్చడం దాకా

బతుకమ్మ దగ్గర పడుతోందంటే చాలు, చిన్న పిల్లలున్న ఇళ్ల నుంచి అవే ప్రశ్నలు వస్తుంటాయి. "మా పాపకు నాలుగేళ్లు. నేను పేరుస్తుంటే పక్కన కూర్చుని పూలన్నీ పీకేస్తుంది. దాంతో చేయించడం ఎలా?" "పిల్లలు పేర్చింది సగానికి రాగానే ఒరిగిపోతుంది, ఎందుకు?" "ఫ్లాట్‌లో ఉంటాం, తంగేడు ఎక్కడ దొరుకుతుంది?" అన్నిటికీ ఇక్కడ వరసగా చెబుతాను. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

ముందు ఒక మాట. మీరు పేర్చే పెద్ద బతుకమ్మలో "నువ్వూ ఒక పువ్వు పెట్టు" అని పిల్లల్ని పిలవడం ఒకటి, వాళ్లకంటూ ఒక బతుకమ్మ ఇవ్వడం ఇంకొకటి. రెండోదే చేయండి. పెద్ద బతుకమ్మ పక్కన చిన్న తోడు బతుకమ్మను పెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఆ చిన్నదాన్ని పూర్తిగా పిల్లలకు వదిలేయండి. అన్నం తినే పళ్లెం మీద జానెడు ఎత్తు చాలు. మొదటి ఆకు నుంచి చివరి గౌరమ్మ దాకా వాళ్ల చేతులే పని చేయాలి. పీకే చేతులకు చేయడానికి పని దొరికితే పీకడం దానంతటదే తగ్గుతుంది.

ఏ రోజు పెట్టుకోవాలి?

పెత్తరమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. తెలంగాణలో బడులకు దసరా సెలవులు కూడా దాదాపు ఈ రోజుల్లోనే ఉంటాయి. పిల్లలతో మొదటిసారి చేసేవాళ్లు సద్దుల రోజు పెట్టుకోకండి. ఆ రోజు వంటలు, చుట్టాలు, చీరలు, ఇంటి నిండా హడావిడి. పిల్లల పక్కన రెండు గంటలు కూర్చునే ఓపిక ఎవరికీ మిగలదు. రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు ఏదైనా బాగుంటుంది.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. పూలకు వెళ్లడానికి నాకు బాగా నచ్చిన రోజు అదే. ఇంట్లో తొందర ఉండదు, సాయంత్రానికి ఏదో పూర్తి చేయాలన్న టెన్షన్ ఉండదు. ఆ రోజు గునుగు కోసుకొచ్చి రంగులద్ది ఆరబెట్టుకుంటే, ఏడో రోజు పొద్దున తంగేడు, బంతి తెచ్చి పేర్చుకోవచ్చు.

పూలకు వెళ్లేటప్పుడు కావలసినవి

- వెదురు గంప గానీ పాత బట్ట సంచి గానీ. ప్లాస్టిక్ కవరు వద్దు, ఆ ఉక్కకు తంగేడు ఇల్లు చేరేలోపే వాడిపోతుంది
- తడిపి పిండిన నూలు గుడ్డ ఒకటి
- కత్తెర (మీ చేతిలోనే ఉండాలి)
- పిల్లలకు బూట్లు, సాక్సు, పొడుగు ప్యాంటు, నిండు చేతుల చొక్కా
- తాగే నీళ్లు, చేతులు కడుక్కోవడానికి వేరే నీళ్లు, తినడానికి ఏదైనా
- పొడుగాటి కర్ర

ఇంట్లో కావలసినవి

- అంచున్న స్టీలు పళ్లెం, 8 అంగుళాలది. చిన్న సిబ్బి ఉంటే ఇంకా మంచిది
- గుమ్మడి ఆకులు మూడు నాలుగు. దొరక్కపోతే మోదుగాకు విస్తరి, అదీ లేకపోతే అరటాకు ముక్క
- బంతి అర కిలో, చామంతి పావు కిలో
- తంగేడు చిన్న గంపెడు, గునుగు 60 కంకుల దాకా
- గుమ్మడి పువ్వు ఒకటి
- నడిమధ్యలో నింపడానికి తరిగిన ఆకులు, కాడలు రెండు మూడు దోసిళ్లు
- నూలు దారం, పసుపు, కుంకుమ, తమలపాకు
- తినే రంగులు (గునుగుకు)

సీతజడ, పోకబంతి, కట్లపూలు, బీర పూలు, నందివర్ధనం, మందార ఏవి దొరికితే అవి కలుపుకోండి. దొరకలేదని ఆగవద్దు.

పూలకు వెళ్లడం

1. చోటు ముందే చూసి పెట్టుకోండి. పిల్లల్ని వెంటేసుకుని వెతుక్కుంటూ తిరిగితే పూలు దొరికేలోపే వాళ్లు అలిసిపోతారు. తంగేడు బీడు భూముల్లో, గుట్టల కింద, మట్టి బాటల పక్కన పొదలు పొదలుగా ఉంటుంది. గునుగు చేలల్లో, గట్ల మీద కలుపుగా మొలుస్తుంది. తెల్లగా, కొన లేత గులాబీ రంగులో నిలబడి ఉన్న కంకులు దూరం నుంచే తెలిసిపోతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు చేవెళ్ల, మొయినాబాద్ వైపు బంతి, చామంతి తోటలు కూడా కనిపిస్తాయి. రైతును అడిగితే తోటలోనే తూకం వేసి ఇచ్చేవాళ్లుంటారు.

కేబీఆర్ పార్కు, మృగవని లాంటి జాతీయ ఉద్యానవనాల్లో, అనంతగిరి లాంటి రిజర్వు అడవుల్లో పూలు కోయకూడదు. అక్కడికి వెళితే చూసి రావడమే.

2. పొద్దున వెళ్లండి. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, అంటే ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర లోపు. తంగేడు ఎండకు తొందరగా వాలిపోతుంది. పిల్లలూ అంతే. ముందురోజు గట్టి వాన పడి ఉంటే మానుకోండి, గట్లు జారతాయి.

3. రైతును అడగండి, పిల్లల చేతే అడిగించండి. గునుగు కలుపే కాబట్టి చాలామంది "తీసుకుపోండి" అనే అంటారు. అయినా అడగాలి. అడిగేటప్పుడు ఇంకో ప్రశ్న మరవకండి: "ఈ మధ్య మందు కొట్టారా?" ఆ రోజుల్లో పత్తి చేలల్లో పురుగుమందు పిచికారీ జరుగుతూ ఉంటుంది. కొట్టి రెండు మూడు రోజులే అయిందన్నా, గాలిలో మందు వాసన తగిలినా, ఆ చేను గట్టు కూడా తొక్కకుండా ముందుకు వెళ్లండి.

4. దిగేముందు కర్రతో గడ్డిని కదపండి. వానలు తగ్గే ఈ కాలంలో గడ్డి మోకాలెత్తు ఉంటుంది. పాములుండే చోటు, కాలం రెండూ ఇవే. మీరు ముందు, పిల్లలు మీ వెనక. పొద లోపలికి చెయ్యి పెట్టనివ్వకండి. బయటికి వంగిన కొమ్మలకున్న పూలు చాలు.

5. ఎలా కోయాలో ఒక్కసారి చేసి చూపించండి. పిల్లలు పువ్వు తల పట్టుకుని లాగుతారు. అప్పుడు రేకులు చేతిలోకి, కాడ కొమ్మకు. ఒక చేత్తో కొమ్మను పట్టుకుని, రెండో చేతి బొటనవేలు, చూపుడువేలుతో పువ్వు కింద కాడను గిల్లడం చూపించండి. గునుగు కాడ గట్టిగా ఉంటుంది, దాన్ని మీరు కత్తిరించి వాళ్ల గంపలో వేయండి. కాడ కనీసం బెత్తెడు ఉండాలి. పొట్టి కాడలతో తెచ్చిన పూలతో వరస నిలవదు. ఇంటికొచ్చాక వచ్చే సమస్యల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

తంగేడును పూర్తిగా విచ్చిన పూలతో కాకుండా సగం మొగ్గలున్న గుత్తులుగా తెంపండి. విచ్చినవి దారిలోనే రాలిపోతాయి, మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి. ఒక్క పొదనే బోడి చేయకుండా నాలుగు పొదల నుంచి కొంచెం కొంచెం తీసుకోవడం కూడా అప్పుడే నేర్పండి.

ముట్టకూడని మొక్కలు

ఈ భాగం పిల్లలకు కాదు, మీకు. వెళ్లే ముందు చదువుకోండి.

వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) గునుగు మొలిచే చోటే గుంపుగా మొలుస్తుంది. చిన్న చిన్న తెల్ల పూలు ముద్దుగా ఉంటాయి కాబట్టి పిల్లల చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు, దురద, పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే అది ఎక్కువగా ఉన్న చోటికి అసలు వెళ్లకండి.

గన్నేరు విషం. పువ్వు, ఆకు, కొమ్మ అన్నీ విషమే. పెద్దవాళ్లు బతుకమ్మలో గన్నేరు వాడే ఇళ్లున్నాయి. చిన్న పిల్లలు పేర్చేదాంట్లో మాత్రం వద్దంటాను, ఆ చేతులు ఎప్పుడు నోట్లోకి పోతాయో చెప్పలేం. ఉమ్మెత్త కూడా విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. దూలగొండి కాయల నూగు తగిలితే ఒళ్లంతా దురద. కింద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉంటాయి, అందుకే చెప్పులు కాదు, బూట్లు.

పూల మీద తేనెటీగ ఉంటే ఆగమనండి. విదిలించకుండా ఒక్క నిమిషం నిలబడితే అదే వెళ్లిపోతుంది. తిరిగి బండెక్కే ముందు అక్కడే చేతులు కడిగించండి.

ఇంటికొచ్చాక

6. పూలను వేరు చేయండి. నేల మీద పాత దుప్పటి పరిచి గంప బోర్లించండి. పురుగులు, చీమలు పోవడానికి పది నిమిషాలు అలాగే వదిలేయండి. తరవాత పసుపు ఒక కుప్ప, తెలుపు ఒక కుప్ప, ఎరుపు ఒక కుప్ప. మూడేళ్ల పిల్లలకు ఇంతకు మించిన పని లేదు, అరగంట కదలకుండా కూర్చుంటారు. వాళ్లు పీకేసిన రేకులను పారేయకండి, ఒక గిన్నెలో వేయించండి. పైన అలంకారానికి పనికొస్తాయి.

7. నిలవ చేయండి. తంగేడు, చామంతి మీద తడిగుడ్డ కప్పి నీడలో పెట్టండి. నీళ్లలో ముంచవద్దు, రేకులు కుళ్లుతాయి. బంతి గాలి తగిలేలా పరిస్తే చాలు. గునుగుకు ఏమీ అక్కర్లేదు, రోజుల తరబడి అలాగే ఉంటుంది.

8. గునుగుకు రంగు అద్దండి. పిల్లలు ఏడాదంతా గుర్తుపెట్టుకునే పని ఇదే, కాబట్టి తొందర పడకండి.

కాడలన్నీ నాలుగు వేళ్ల పొడవు ఉండేలా కత్తిరించండి. ఎనిమిది పది కంకులు తీసుకుని కొనలు సమానంగా వచ్చేలా బల్ల మీద తట్టి, కాడల దగ్గర దారంతో కట్టండి. ఆరేళ్లు దాటిన పిల్లలు ముడి వేయగలరు, చిన్నవాళ్లు కట్టను పట్టుకుంటారు. స్టీలు గ్లాసులో వేలెడు లోతు నీళ్లు పోసి రంగు చిక్కగా కలపండి. కట్టను తలకిందులుగా పట్టుకుని కంకులను మాత్రం ముంచి, పది లెక్కపెట్టి, పైకి తీసి గ్లాసు లోపలే రెండుసార్లు విదిలించాలి. బయట విదిలిస్తే గోడలకు అంటుతుంది. ఇక్కడ చూడండి: తీసిన వెంటనే కంకి ముడుచుకుని సన్నగా, ముదురుగా ఉంటుంది, పిల్లలు "పాడైపోయింది" అని బిక్కమొహం వేస్తారు. ఆరే కొద్దీ పొరలు ఒక్కొక్కటీ విడివడి మళ్లీ ఉబ్బుతుంది, రంగు కూడా ఒక మెట్టు తేలికవుతుంది. వాళ్లను పిలిచి అది చూపించండి.

పాత పేపరు మీద నీడలో ఆరబెట్టండి. ఆరిందో లేదో తెలియాలంటే కంకిని తెల్ల కాగితం మీద నొక్కండి. మరక పడితే ఇంకా ఆరలేదు. తడి రంగుతో పేరిస్తే పక్కనున్న చామంతికి, తరవాత పట్టు లంగాకు అంటుకుంటుంది.

బజారులో పూల కోసం అమ్మే పొడి రంగులు బాగా పడతాయి. కానీ అవి చేతులకు, నోటికి మంచివి కావు, వాడితే మీరే అద్దండి. బీట్‌రూట్ రసం, పసుపు నీళ్లు నిర్భయంగా పిల్లలకు ఇవ్వొచ్చు. బీట్‌రూట్‌తో లేత రంగే వస్తుంది, దానికి సిద్ధపడి చేయండి. మూడో వంతు కంకులను మాత్రం తెల్లగానే ఉంచండి. రంగుల మధ్య ఆ వెండి తెలుపు లేకపోతే వరసలు కలిసిపోయి కనిపిస్తాయి.

పేర్చడం

9. అడుగు సరిచేయండి. పళ్లెంలో గుమ్మడి ఆకులను గరుకు వైపు పైకి ఉండేలా పరచండి, పూలు జారకుండా పట్టు ఉంటుంది. నేల చదునుగా ఉందో లేదో చూడండి. చిన్న పిల్లలున్న చోట పళ్లెం కింద తడిగుడ్డ మడిచి పెడితే కదలదు.

10. మొదటి వరస బంతితో వేయించండి. పువ్వు ముఖం బయటికి, కాడ పళ్లెం మధ్యకు. ఎనిమిది అంగుళాల పళ్లెంలో అంచు వదిలేసి వేస్తే ఒక మాదిరి బంతిపూలు పది పన్నెండు పడతాయి. పువ్వుకు పువ్వు తగలాలి, మధ్యలో వేలు దూరకూడదు. పిల్లలకు అదే పరీక్షగా చెప్పండి: "నీ వేలు దూరిందా? అయితే ఇంకో పువ్వు కావాలి."

కొన్న బంతికి కాడ ఉండదు. అలాంటప్పుడు రెండు దారులు. చీపురు పుల్లను బెత్తెడు ముక్కలుగా విరిచి పువ్వు అడుగున గుచ్చితే అదే కాడ అవుతుంది. లేదంటే పూలను దండగా గుచ్చి, ఆ దండను చుట్టగా చుట్టేయండి. ఐదేళ్ల లోపు పిల్లలకు దండే సులువు, సూది పని మీది.

11. ప్రతి వరస తరవాత మధ్యలో నింపించండి. అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. తరిగిన ఆకులు, కాడలు గుప్పెడు గుప్పెడు వేసి అరచేత్తో అదమాలి. నింపిన ఎత్తు పూల వరస కంటే కొంచెం తక్కువగా ఉండాలి. అప్పుడు పై వరస కాడలు లోపలికి వాలి పూలు పట్టు మీద కూర్చుంటాయి. మధ్యలో ఎక్కువైతే పూలు బయటికి జారతాయి. అదిమే పని చిన్నవాళ్లకు ఇవ్వండి, ఎంతో ఇష్టంగా చేస్తారు. కాకపోతే అంచుల మీద నొక్కకుండా "మధ్యలోనే" అని గుర్తుచేస్తూ ఉండాలి.

తరిగిన ఆకులకు బదులు థర్మాకోల్, ప్లాస్టిక్ పెట్టకండి. నీళ్లలో వదిలేది అది.

12. రెండో వరస తంగేడు. మూడు నాలుగు రెమ్మలను కలిపి దారంతో పిడికెడు కట్టలుగా కట్టి, కొనలు బయటికి వచ్చేలా చుట్టూ పెట్టించండి. ఈ వరస కింది వరస కంటే అర వేలెడు లోపలికి ఉండాలి. ప్రతి వరసకూ అంతే, అప్పుడే గోపురంలా వస్తుంది.

13. తరవాత గునుగు, చామంతి, మళ్లీ బంతి. గునుగు కట్టలను విప్పకుండానే పెట్టేయండి. ఏ రంగు తరవాత ఏ రంగో పిల్లలనే తేల్చుకోనివ్వండి. ఎరుపు మీద ఎరుపు వేస్తే వేయనివ్వండి. ఎన్ని వరసలు? ఐదు చాలు, ఏడు దాటవద్దు. రెండు వరసలకోసారి చుట్టూ ఒక దారం తిప్పి వదులుగా ముడి వేస్తే పిల్లలు మోసేటప్పుడు విడిపోదు.

14. గౌరమ్మను చేయించండి. చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పసుపు, నీళ్లు చుక్క చుక్కగా. గ్లాసు పిల్లలకిస్తే ఒక్కసారే ఒంపేస్తారు, అందుకని చెంచా ఇవ్వండి. ముద్ద పగిలితే ఇంకో చుక్క, వేలికి అంటితే ఇంకొంచెం పసుపు. బొటనవేలంత గోపురంగా చేసి, తమలపాకు మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టించండి. పాత బట్టలు వేసే కూర్చోబెట్టండి, పసుపు మరక పోదు. శిఖరాన విచ్చిన గుమ్మడి పువ్వు, అందులో గౌరమ్మ. చుట్టూ ఇందాక గిన్నెలో దాచిన రేకులు చల్లించండి.

ఏ వయసుకు ఏ పని

మూడు నాలుగేళ్లు: పూలు వేరు చేయడం, ఆకులు నింపి అదమడం, రేకులు చల్లడం. ఐదారేళ్లు: బంతి వరసలు, రంగు అద్దడం, గౌరమ్మ. ఏడెనిమిదేళ్లు: కట్టలు కట్టడం, వరసలన్నీ. మగపిల్లల్ని పక్కన పెట్టకండి. పల్లెల్లో పూలు కోసి గంపలకెత్తి తెచ్చేది ఎక్కువగా మగవాళ్లే. పూలు తేవడం దగ్గర మొదలుపెట్టిన పిల్లాడు పేర్చడానికీ కూర్చుంటాడు.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

- పళ్లెంతో సహా నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఏ వైపైనా వరస కిందికి దిగినట్టు కనిపిస్తే అక్కడ లోపల ఆకులు తక్కువయ్యాయి. పువ్వు తీసి గుప్పెడు కూరి మళ్లీ పెట్టండి.
- నిలబడి పై నుంచి చూడండి. గుమ్మడి పువ్వు పళ్లెం నడిమధ్యన ఉండాలి. పక్కకు ఉంటే ఒక వైపు వరసలు ఎక్కువ లోపలికి వెళ్లాయన్నమాట.
- పళ్లెం రెండు వేళ్ల ఎత్తు లేపి మెల్లగా కదపండి. పూలు రాలితే దారం మరో చుట్టు తిప్పండి.
- చివరిగా, చేసిన పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని గదిలో ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. బరువనిపిస్తే పై వరస తీసేయండి. మోయలేని బతుకమ్మను చివరికి మీరే మోస్తారు.

తరచూ జరిగే పొరపాట్లు

చాలా ఇళ్లలో వరసలన్నీ వేసేసి చివర్లో మధ్యన ఆకులు కుక్కుతారు. సగానికి రాగానే ఒరిగిపోవడానికి అసలు కారణం ఇదే. లోపల ఏమీ లేకుండా మూడో వరస నిలబడదు, ఆ తరవాత కుక్కితే ఆ ఒత్తిడికి కింది వరసలు బయటికి వస్తాయి. ఒరగడం మొదలైతే పైనుంచి సరిచేయాలని చూడకండి. ఒరిగిన వరస దాకా తీసి మళ్లీ వేయడమే తొందర పని.

రెండోది, అడుగున మెత్తటి పూలు. చామంతి, మందార కింద వేస్తే బరువుకు నలిగి ఒక పక్కకు కుంగుతాయి. గట్టివైన బంతి, సీతజడ కిందికి, మెత్తటివి పైకి.

మూడోది పూల తడి. కొన్న పూల మీద నీళ్లు చల్లి అమ్ముతారు. అలాగే పేరిస్తే జారతాయి, సాయంత్రానికి వాసన వస్తుంది. గంట సేపు పేపరు మీద ఆరనివ్వండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. పిల్లలు పేర్చి నిద్రపోయాక పెద్దవాళ్లు కూర్చుని వంకరగా ఉన్న వరసలన్నీ "సర్దేస్తారు". పొద్దున లేచి చూసిన పిల్లకు అది తనది కాదని వెంటనే తెలిసిపోతుంది. కూలిపోయేలా ఉంటే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని సరిచేయండి. వంకరగా ఉన్నా నిలబడుతుందా, ముట్టుకోకండి.

ఒకే పూట అంతా పూర్తి చేయాలనుకోవడం కూడా పొరపాటే. పొద్దున పూలు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం పేర్చడం. నిద్ర లేకుండా కూర్చోబెడితే మూడో వరసకు ఏడుపు మొదలవుతుంది.

నైవేద్యానికి పిల్లలు చేసే మలీద

కొంచెం మందంగా నాలుగు చపాతీలు కాల్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పిల్లలకివ్వండి. చిన్న చిన్న ముక్కలుగా తుంచడం వాళ్ల పని. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, అర కప్పు తురిమిన బెల్లం, రెండు చెంచాల నెయ్యి, చిటికెడు యాలకుల పొడి కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. విడిపోతే ఇంకో చెంచా నెయ్యి. చపాతీ చల్లారితే బెల్లం పట్టదు, అందుకే వేడి పోకముందే కలపాలి. పల్లీలు వేసేటట్టయితే చిన్న పిల్లలకు పొడి చేసే వేయండి, పలుకులు గొంతుకు అడ్డం పడతాయి.

ఆడటం, నీళ్లలో వదలడం

వాకిట్లోనో, అపార్ట్‌మెంట్ కింద ఖాళీ స్థలంలోనో పెద్ద బతుకమ్మల మధ్యలో పిల్లల బతుకమ్మను కూడా పెట్టండి. పక్కన కాదు, మధ్యలో. దీపం, అగరొత్తులు మాత్రం లంగాలు తగలనంత దూరంలో. చప్పట్లు, అడుగు పిల్లలకు రాకపోయినా చుట్టూ తిరగనివ్వండి. "ఉయ్యాలో" దగ్గర గొంతు కలిపితే చాలు.

వదలడానికి ఐదేళ్ల లోపు పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్లవద్దన్నదే నా సలహా. వానల తరవాత చెరువులు నిండుగా ఉంటాయి, మెట్లు పాకుడు పట్టి జారతాయి. ఇంటి దగ్గరే పెద్ద టబ్బులో నీళ్లు పోసి, దారాలు తీసేసి వదిలించండి. తినే రంగులే వాడితే ఆ నీళ్లు, పూలు మొక్కల మొదట్లో పోయొచ్చు. పెద్ద పిల్లలతో వెళ్లాలనుకుంటే, హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ బతుకమ్మ ఘాట్ గానీ, హనుమకొండలో పద్మాక్షి గుట్ట గానీ సద్దుల రాత్రి విపరీతమైన రద్దీ. చీకటి పడకముందే వెళ్లి రండి. ఒక్కో పిల్ల చెయ్యి ఒక్కో పెద్ద మనిషి చేతిలో ఉండాలి, బతుకమ్మను పళ్లెంతో నీళ్ల దాకా తీసుకెళ్లేది పెద్దవాళ్లే.

పొలం వెళ్లే వీలు లేనివాళ్లకు

ఆ తొమ్మిది రోజులూ హైదరాబాద్ రోడ్ల పక్కన పల్లెల నుంచి తెచ్చిన తంగేడు, గునుగు కట్టలు అమ్ముతారు. బంతి, చామంతి గుడిమల్కాపూర్ మార్కెట్లో పొద్దున్నే వెళితే తాజాగా దొరుకుతాయి. పిల్లల్ని వెంట తీసుకెళ్లి వాళ్ల చేతే ఏరించండి, అదీ పూలకు వెళ్లడమే. తంగేడు దొరక్కపోతే పసుపు చామంతి వాడండి.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు ఈ రోజుల్లోనే కుండీల్లో చామంతి అమ్ముతారు. అమెరికాలో సీతజడ జాతి కుండీలు కూడా దొరుకుతాయి. పార్కుల్లో, దారి పక్కన తోటల్లో కోయకండి, చాలాచోట్ల అది నేరం. గుమ్మడి ఆకులు లేకపోతే క్యాబేజీ పై ఆకులు బాగా పట్టు ఇస్తాయి. అసలు పూలే కరువైతే రెండు వరసలు నిజం పూలు, మిగతావి పిల్లలు రంగు కాగితంతో చుట్టిన పూలు. అలాంటప్పుడు నీళ్లలో వదిలే ముందు కాగితం వరసలు తీసేయండి.

మిగిలిన గునుగు ఏం చేయాలి?

రంగు అద్దని కంకులను నాలుగైదు వారాలు తలకిందులుగా వేలాడదీయండి. తరవాత తెల్ల కాగితం మీద పిల్లల చేత దులిపించండి. ఆవాల కంటే చిన్నవి, నల్లగా మెరిసే గింజలు రాలతాయి. పొట్టు ఊదేసి కాగితం పొట్లంలో కట్టి పేరు రాయించండి. తొలకరికి కుండీలో చల్లి పైన మట్టి పల్చగా కప్పితే చాలు, వచ్చే పండక్కి కంకులు వస్తాయి. కుండీ దాటనివ్వకండి. పక్కన పొలం ఉంటే గింజ రాలకముందే కంకులు కోసేయండి, రైతుకు అది కలుపు.